అవ్వ మాట వినడానికి ఏ ఇయర్‌ఫోన్ కొనాలి?

తెలుగు గోడపత్రికలో ఇయర్‌ఫోన్ల మీద వ్యాసమేంటని నవ్వకండి. ఇంట్లో పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేసి, విన్నది విన్నట్టు రాసుకురావాలని మాండలికాల పాఠంలో మనకు పని ఇచ్చారు కదా. ఆ పనిలో నేను చేసిన పొరపాటు, దాన్ని దిద్దుకోవడానికి నేర్చుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాను. మీలో చాలామంది ఇంకా రికార్డింగు మొదలుపెట్టలేదు కాబట్టి పనికొస్తాయి.

మా ఊరు తిరువళ్ళూరు జిల్లా వెంగల్. మా అవ్వ పుట్టిల్లు తిరుత్తణి పక్క పల్లె. ఆమె పుట్టేనాటికి తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అవ్వ మూడో తరగతి దాకా తెలుగు చదివింది. నేను ప్లస్ టూ వరకు తమిళ మీడియం. తెలుగు మాట్లాడటం ఇంట్లో వచ్చింది, రాయడం కాలేజీకి వచ్చాకే.

అవ్వ చేత నలభై నిమిషాలు మాట్లాడించి ఫోన్‌లో రికార్డు చేశాను. రోడ్డు పక్కన 150 రూపాయలకు కొన్న ఇయర్‌ఫోన్ పెట్టుకుని, తిరువళ్ళూరు నుంచి సెంట్రల్‌కు వచ్చే లోకల్ రైల్లో రోజూ వింటూ పద్నాలుగు పేజీలు రాశాను. మేడమ్ మూడో పేజీలో ‘చెప్పాడు’ కింద గీత గీసి, “ఇది మీ అవ్వ అన్న మాటా, నువ్వు అన్న మాటా?” అని అడిగారు. గదిలో స్పీకర్‌లో పెట్టి విన్నాం. అవ్వ అన్నది ‘చెప్నాడు’. చెప్పినాడు అనేది గబగబా అంటే వచ్చే రూపం. చెవికి సరిగ్గా అందని చోట నా బుర్ర తను పుస్తకంలో చదివిన మాట పెట్టేసింది. అలాంటివి మిగతా పేజీల్లో ఎన్ని ఉన్నాయో నాకే తెలియదు. మొత్తం మళ్ళీ రాయాల్సిందే.

చవక ఇయర్‌ఫోన్‌లో ఏం పోతుంది?

మాటలో అచ్చుల బలం ఎక్కువగా కింది స్థాయి శబ్దాల్లో ఉంటుంది. స, శ లాంటి ఊష్మాలు, ఒత్తక్షరాల్లో వచ్చే ఊపిరి, క-త-ప ల విడుపు ఇవన్నీ సన్నగా, పై స్థాయిలో ఉంటాయి. స కారం బలమంతా దాదాపు 4000 హెర్ట్జ్‌కు పైనే. పాత టెలిఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే పంపేది. ఫోన్‌లో పేరు చెప్పేటప్పుడు “స నా, ఫ నా?” అని అడిగించుకునేది అందుకే.

చవక ఇయర్‌ఫోన్లలో చాలావాటికి ‘బాస్’ బాగా పెంచి ఉంటారు, అంగట్లో ఒక పాట వినగానే బాగుందనిపించాలి కాబట్టి. కానీ బలమైన కింది స్థాయి శబ్దం పైనున్న సన్న శబ్దాలను కప్పేస్తుంది. మన చెవి స్వభావమే అది. రైలు రొద కూడా కింది స్థాయిదే. రెండూ కలిసి అవ్వ ‘న’కారాన్ని మింగేశాయి.

ఆంప్లిఫయర్ కొంటే సరిపోతుందా?

ఇంకా గట్టిగా వినిపిస్తే అర్థమవుతుందని నాకూ అనిపించింది. ఒక సీనియర్ అక్క తన చిన్న బ్యాటరీ ఆంప్లిఫయర్ వారం రోజులు వాడుకోమని ఇచ్చింది. అవ్వ గొంతు పెరిగింది. దాంతో పాటు మా ఇంటి ఫ్యాన్ చప్పుడు, కోళ్ళ అరుపు కూడా పెరిగాయి. ‘చెప్నాడు’ మాత్రం ఇంకా ‘చెప్పాడు’ లాగే వినిపించింది. ఆంప్లిఫయర్ ఉన్నదాన్ని పెద్దది చేస్తుందే గాని, ఇయర్‌ఫోన్ పోగొట్టినదాన్ని తిరిగి తేలేదు.

అసలు అవసరమా కాదా అన్నది చిన్న లెక్కతో తేలిపోతుంది. డబ్బా మీద రెండు అంకెలు ఉంటాయి. ఒకటి ఇంపీడెన్స్, అంటే కరెంటుకు ఇచ్చే అడ్డు. దీన్ని ఓమ్‌లలో చెబుతారు. రెండోది సెన్సిటివిటీ, అంటే కొంచెం కరెంటుకు ఎంత శబ్దం చేస్తుందో చెప్పే అంకె.

16 ఓమ్‌లు, ఒక మిల్లీవాట్‌కు 100 డెసిబెల్స్ అని రాసి ఉందనుకోండి. 10 డెసిబెల్స్ పెరగాలంటే శక్తి పది రెట్లు కావాలి, 3 డెసిబెల్స్‌కు రెట్టింపు కావాలి. మాట వినడానికి 75 డెసిబెల్స్ చాలు. అంటే ఒక మిల్లీవాట్‌లో మూడు వందలో వంతు. సంగీతంలో ఒక్కసారిగా 105 డెసిబెల్స్‌కు ఎగసే చోట కూడా కావలసింది సుమారు 3 మిల్లీవాట్లు, వోల్టుల్లో పావు వోల్టు కన్నా తక్కువ. మామూలు ఫోన్ జాక్ అర వోల్టు వరకు ఇస్తుంది. కాబట్టి చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లకు ఎక్కువ భాగం విడిగా ఆంప్లిఫయర్ అక్కర్లేదు. 300 ఓమ్‌ల సెన్‌హైజర్ ఎచ్‌డి 600 లాంటి పెద్ద హెడ్‌ఫోన్లకైతే దాని అవసరం ఉంటుంది.

ఇక్కడ ఒక మోసపోయే చోటు ఉంది. కొందరు సెన్సిటివిటీని మిల్లీవాట్‌కు చెబుతారు, కొందరు వోల్టుకు చెబుతారు. 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌లో మిల్లీవాట్‌కు 100 అన్నా, వోల్టుకు 118 అన్నా ఒకటే. పెద్ద అంకె చూసి మంచిదనుకోకండి.

ఆంప్లిఫయర్ కొనే తీరాలంటే ఇంకో రెండు చూడాలి. దాని సొంత ఇంపీడెన్స్ ఇయర్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదు. 16 ఓమ్‌లకైతే 2 లోపు. మించితే కొన్ని ఇయర్‌ఫోన్ల స్వరం మారిపోతుంది. రెండోది, ఏమీ పెట్టకుండా చెవిలో ఉంచుకుంటే ‘స్‌స్‌స్’ అని వినిపించకూడదు. ఒత్తక్షరాల ఊపిరి దాచడానికి ఆ చప్పుడు చాలు.

2000 రూపాయల్లో నేనేం చేశాను?

మా వీధి పిల్లలకు ట్యూషన్ చెప్పి దాచుకున్నది 2000. సెంట్రల్‌లో దిగి మౌంట్ రోడ్ దగ్గరి రిచీ స్ట్రీట్‌కు వెళ్ళాను. ఒక అంగట్లో ఇయర్‌ఫోన్ పేరు కూడా చెప్పకముందే ఆంప్లిఫయర్ తీసి చూపించారు. పైన రాసిన లెక్క నోట్‌బుక్‌లో ఉండబట్టి “వద్దన్నా” అనగలిగాను.

వైరున్న ఇయర్‌ఫోన్ 1300 అయింది. వైరు విడిగా ఊడొచ్చే రకం తీసుకున్నాను. ముందుగా తెగేది వైరే, అది ఒక్కటీ మార్చుకుంటే సరిపోతుంది. నా ఫోన్‌కు గుండ్రటి జాక్ లేదు. అందుకని 500 పెట్టి టైప్-సి కనెక్టర్ కొన్నాను. దీంట్లో రెండు రకాలు ఉంటాయి, ఒకటి ఉత్త తీగ, ఇంకోదాని లోపల ‘డ్యాక్’ అనే చిన్న చిప్, దానితోనే చిన్న ఆంప్లిఫయర్ ఉంటాయి. ఉత్త తీగ చాలా ఫోన్లలో పనిచెయ్యదు. “లోపల డ్యాక్ ఉందా?” అని అడిగి, మీ ఫోన్‌కే పెట్టి విని కొనండి.

మిగిలిన 200 రబ్బరు టిప్పులకు పెట్టాను. అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చింది ఇవే. టిప్ చెవికి సరిగ్గా అతుక్కోకపోతే బాస్ కారిపోయి గొంతు పల్చబడుతుంది, బయటి రొద లోపలికి వస్తుంది. నా కుడి చెవికి చిన్నది, ఎడమ చెవికి మధ్యది సరిపోయాయి. రెండు చెవులూ ఒక్కలా ఉండాలని లేదు.

వినిచూసేటప్పుడు కొత్త సినిమా పాట పెట్టకండి, మీకు అక్షరం అక్షరం తెలిసిన గొంతు పెట్టండి. నేను ఘంటసాల భగవద్గీత పెట్టాను. శ్లోకంలో ఒత్తులు, శ-ష-స లు విడివిడిగా పలికే గొంతు అది. ధ, ద లాగా వినిపించినా, స కారం చెవిలో గుచ్చినా ఆ ఇయర్‌ఫోన్ మన పనికి రాదు.

మళ్ళీ విన్నాక

ఈసారి రైల్లో కాదు, రాత్రి ఇంట్లో ఫ్యాన్ ఆపి విన్నాను. ‘చెప్నాడు’, ‘పోయ్‌నాడు’ స్పష్టంగా దొరికాయి. మొత్తం ముప్పై ఒక్క చోట్ల నేను రాసింది తప్పు.

కానీ ఒక చోట మాత్రం ఇయర్‌ఫోన్‌నే అనుమానించాను. అవ్వ ‘కతలు’ అంటోంది, ‘దర్మం’ అంటోంది. ఒత్తులు ఇంకా వినిపించడం లేదేమిటని మళ్ళీ ఘంటసాలను పెట్టాను. ధ బాగానే ఉంది. అంటే ఇయర్‌ఫోన్‌ది తప్పు కాదు, అవ్వ ఒత్తు పలకదు, అంతే. మొదటిసారి నేను ‘కథలు’, ‘ధర్మం’ అని దిద్ది రాసి, అదే సరైనదనుకున్నాను. అవి కూడా కలిపితే తప్పులు నలభై దాటాయి. ‘చెప్నాడు’ విషయంలో వినపడక తప్పు రాశాను, ‘కతలు’ విషయంలో వినపడినా నమ్మక తప్పు రాశాను. రెండోదానికి ఏ అంగట్లోనూ మందు లేదు.

చివరగా చెవుల సంగతి

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే 4 గంటలే, 100 అయితే 20 నిమిషాలు. రైల్లో రొదను దాటాలని వాల్యూమ్ పెంచుకుంటూ పోతే వారం కోటా రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. టిప్ బాగా కుదిరితే తక్కువ వాల్యూమే చాలు. అదే టిప్ బయటి చప్పుడునూ ఆపేస్తుంది కాబట్టి, పట్టాలు దాటేటప్పుడు, రోడ్డు మీద నడిచేటప్పుడు చెవిలోంచి తీసెయ్యండి.

రాయడం పూర్తయ్యాక ఒకటి అవ్వ చెవిలో పెట్టాను. కాసేపు విని, “ఇదేమే, నా గొంతు ఇట్లా కీచుగా ఉంది?” అంది. మన గొంతు మనకు ఎముకల గుండా కూడా వినిపిస్తుంది, రికార్డులో ఆ బరువు ఉండదు, అందుకే అలా అనిపిస్తుందని చెప్పాను. “అట్లనా” అని, ఇంకో చెవిదీ పెట్టమంది. నలభై నిమిషాలూ విని, మధ్యలో నేను రాసుకున్న ఊరి పేరొకటి తప్పని చెప్పింది.

ఇయర్‌ఫోన్, టిప్పుల డబ్బా నా సంచిలోనే ఉంటాయి. రికార్డింగు వినాల్సినవాళ్ళు అడగండి, ఇస్తాను. టిప్పులు మాత్రం తుడిచి తిరిగివ్వండి.

— రెండో సంవత్సరం తెలుగు విద్యార్థిని, వెంగల్