చందమామలో కుందేలు ఎటు పోయింది? – డబ్బింగు నేర్పే లోకలైజేషన్ పాఠం

"మన ప్రోగ్రాము ఇంకో దేశంలో అమ్మాలి, ఎన్ని రోజులు పడుతుంది?" అని మేనేజరు అడిగితే మనలో చాలామంది ఠక్కున చెప్పే జవాబు ఒకటుంది. "స్ట్రింగులన్నీ రిసోర్సు ఫైల్లోనే ఉన్నాయండీ, అనువాదం చేయించి ఇస్తే చాలు." కన్సల్టెంటుగా తిరిగిన చోటల్లా ఈ మాట విన్నాను. ఇది ఎక్కడ సరిపోదో చూడటానికి ఈసారి కోడు పక్కన పెట్టి, ఒక కార్టూన్ సీరియల్ తీసుకుందాం. పేరు 'సెయిలర్ మూన్'. 1990లలో అమెరికాలోనో కెనడాలోనో పెరిగిన మీ సహోద్యోగులను అడిగి చూడండి, చాలామందికి గుర్తుంటుంది.

నవోకో తకెయుచి రాసి గీసిన బొమ్మల కథ ఇది. తోయె యానిమేషన్ సంస్థ దీన్ని టీవీకి తీసింది. జపాన్‌లో 1992 మార్చి నుంచి 1997 ఫిబ్రవరి దాకా 200 ఎపిసోడ్లు వచ్చాయి. చదువులో వెనకబడి, చీటికీ మాటికీ ఏడ్చే ఒక స్కూలు పిల్లకు మాట్లాడే నల్లపిల్లి ఎదురవుతుంది. ఆ పిల్లే మంత్రశక్తితో యోధురాలిగా మారుతుంది. ఇంగ్లీషు డబ్బింగును డిక్ అనే సంస్థ చేపట్టింది. గొంతుల రికార్డింగు కెనడాలోని టొరంటోలో జరిగింది. 1995 ఆగస్టులో కెనడాలో, సెప్టెంబరులో అమెరికాలో ప్రసారం మొదలైంది.

పొరలు విడిగా ఉంటేనే పని

డబ్బింగు స్టూడియోకి మూడు విడివిడిగా కావాలి. అక్షరాలు లేని బొమ్మ, మాటలు లేకుండా సంగీతం, చప్పుళ్ళు మాత్రమే ఉన్న ట్రాకు, టైము గుర్తులతో సంభాషణల స్క్రిప్టు. అన్నీ కలిపేసిన టేపు ఒక్కటే ఇస్తే జపనీస్ గొంతు తీసేటప్పుడు దాని వెనక ఉన్న వాన చప్పుడూ పోతుంది. దుకాణం బోర్డు మీద జపనీస్ అక్షరాలు బొమ్మలోనే గీసి ఉంటే చెరిపి మళ్ళీ గీయాలి. మన భాషలో చెప్పాలంటే ఇది హార్డ్‌కోడ్ చేసిన స్ట్రింగు అన్నమాట.

పెదవుల సంగతి అనుకున్నంత కష్టం కాదు. జపాన్‌లో సాధారణంగా ముందు బొమ్మ తయారవుతుంది, గొంతు తర్వాత చెబుతారు. నోటికి మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది అని రెండు మూడు బొమ్మలే తిప్పి తిప్పి వాడతారు. కాబట్టి అసలు షరతు అక్షరం కాదు, వ్యవధి. రెండు సెకన్లు నోరు ఆడితే రెండు సెకన్ల మాట కావాలి. మన స్క్రీను మీద బటన్ వెడల్పు ఎలాగో, ఇక్కడ టైము అలాగ.

ఇంతవరకూ రిసోర్సు ఫైలు పద్ధతి బాగానే పనిచేస్తుంది. చిక్కంతా తర్వాతే.

పేరు ఒక లేబుల్ మాత్రమేనా?

కథానాయిక పేరు త్సుకినో ఉసాగి. జపాన్‌లో ఇంటిపేరు మనలాగే ముందు వస్తుంది. 'త్సుకి నో' అంటే చంద్రుడి, 'ఉసాగి' అంటే కుందేలు. మొత్తం కలిపితే 'చందమామలోని కుందేలు'. చంద్రుడి మచ్చలో కుందేలును చూడటం వాళ్ళకూ మనకూ ఉమ్మడి. ఆకలిగొన్న అతిథి కోసం తనను తాను ఆహుతి చేసుకున్న కుందేలు జాతక కథ మన దేశం నుంచి బౌద్ధంతో జపాన్ దాకా వెళ్ళింది.

ఇంగ్లీషులో ఆమె 'సెరీనా' అయింది. ఇది గుడ్డిగా పెట్టిన పేరు కాదు. కథలో ఆమె పూర్వజన్మలో చంద్రలోకపు రాకుమారి సెరెనిటీ. ఆ పేరుతో ముడి నిలిచింది, కుందేలుతో ముడి తెగింది. జర్మన్, ఫ్రెంచి డబ్బింగుల్లో 'బన్నీ' అని పెట్టారు. అక్కడ కుందేలు మిగిలింది, చంద్రుడు జారిపోయాడు. తరువాత కథలో చిబిఉసా అనే చిన్నపిల్ల వస్తుంది. ఆ పేరుకు 'చిట్టి ఉసాగి' అని అర్థం. ఒక పేరు ఇంకో పేరును పట్టుకుని ఉంది. డేటాబేసులో దీన్ని ఫారిన్ కీ అంటాం. మొదటిది మార్చేముందు దాన్ని ఎవరెవరు పట్టుకుని ఉన్నారో చూడాలి.

వరుస సంఖ్యను కీగా వాడకండి

మొదటి రెండు సీజన్లలో 89 ఎపిసోడ్లుంటే ఇంగ్లీషులో 82 అయ్యాయి. ఆరు తీసేశారు, మొదటి సీజన్ చివరి రెండింటినీ కలిపి ఒకటి చేశారు. ఫలితంగా ఉసాగి స్నేహితురాలు అమి కథలోకి వచ్చేది జపాన్‌లో 8వ ఎపిసోడ్, ఇంగ్లీషులో 5వది. ఎపిసోడ్ నంబరును కీగా పెట్టి రెండు దేశాల జాబితాలు జతచేస్తే అంతా తారుమారు. ఇలాంటి కంటెంటుకు అర్థం లేని స్థిరమైన గుర్తింపు సంఖ్య ఒకటి మొదటిరోజే ఇచ్చేయాలి.

ఒక పొర మార్చి మిగతావి వదిలేస్తే

మూడో సీజన్‌లో హరుకా, మిచిరు అనే ఇద్దరు యువతులు వస్తారు. మూలంలో వాళ్ళు ప్రేమికులు. 2000లో వచ్చిన ఇంగ్లీషు డబ్బింగులో (ఇది క్లోవర్‌వే సంస్థ చేయించింది) వాళ్ళను 'కజిన్స్' చేశారు. మాట మారింది, బొమ్మ మారలేదు. ఆ చూపులు, చేతులు పట్టుకోవడాలు తెర మీద అలాగే ఉన్నాయి. దాచబోయిన దానికన్నా పెద్ద ఇబ్బంది తయారైంది. అంతకన్నా ముఖ్యం, తమలాంటి వాళ్ళను మొదటిసారి తెర మీద చూసుకోగలిగిన పిల్లలకు ఆ అవకాశం పోయింది. స్ట్రింగు మార్చడం అంటే ఒక్కోసారి డేటానే మార్చడం. ఆ నిర్ణయాన్ని అనువాదకుడి మీదకు నెట్టకూడదు.

చివరి సీజన్ 34 ఎపిసోడ్లకు అప్పట్లో ఇంగ్లీషు డబ్బింగే రాలేదు. 2014లో విజ్ మీడియా హక్కులు తీసుకుని, మూలంలోని పేర్లతో, కోతలు లేకుండా మొత్తం 200 ఎపిసోడ్లకూ కొత్తగా గొంతులు పెట్టించింది. చివరి భాగాలు 2019లో వచ్చాయి. జపాన్‌లో కథ ముగిసిన 22 ఏళ్ళకు ఇంగ్లీషులో ముగిసిందన్నమాట. పాత కోడు మీద ప్యాచీలు వేయలేక మొదటినుంచీ తిరగరాయడం మనకు తెలియనిదా!

మనకు దీంతో పనేమిటి?

జపాన్ యానిమేషన్ ఇప్పుడు తెలుగులోకీ వస్తోంది. 2025లో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్' సినిమా మన థియేటర్లలో తెలుగు మాటలతో ఆడింది. ఇలాంటి పని ఇంగ్లీషు స్క్రిప్టు మీదుగా చేస్తే ఏం పోతుందో చూడండి. 'కజిన్' అనే మాట తెలుగులో ఎలా రాస్తారు? పెదనాన్న కూతురా, మేనత్త కూతురా? అక్కాచెల్లెళ్ళా, వదినామరదళ్ళా? మనకు కావలసిన ఫీల్డు ఆ టేబుల్లో అసలు లేదు. 'యు' ఉంటుంది గాని నువ్వా, మీరా అన్నది ఉండదు. జపనీస్‌లో పేరు చివర వచ్చే 'సాన్', 'చాన్', 'సామ' ఆ మర్యాదనూ చనువునూ చెబుతాయి. తెలుగుకు కావలసిన సమాచారం మూలంలో ఉంది, మధ్యలో ఇంగ్లీషు దగ్గర రాలిపోతుంది. జేపెగ్ ఫొటోను మళ్ళీ మళ్ళీ కుదించినట్టే, పోయినది తిరిగి రాదు.

కాబట్టి స్ట్రింగుతో పాటు ఎవరు ఎవరితో అంటున్నారు, వాళ్ళ వయసు, వరుస, ఈ మాట ఇంకెక్కడ ముడిపడి ఉందో కూడా పంపండి. వీలైతే మూలభాష నుంచే అనువాదం చేయించండి. మెషీన్ అనువాదం వాడినా ఇదే సూత్రం.

ఇక హోంవర్కు. ఉసాగి జుట్టును రెండు ముడులుగా చుట్టుకుంటుంది. కథానాయకుడు మమోరు ఆమెను 'ఒదాంగో అతామా' అని వెక్కిరిస్తాడు. దాంగో అంటే బియ్యప్పిండి ఉండలు. ఇంగ్లీషులో దాన్ని 'మీట్‌బాల్ హెడ్' చేశారు. ఇంగ్లీషు నుంచి వస్తే మనకు మాంసం ముద్దలు దక్కుతాయి. జపనీస్ నుంచి వస్తే మన వినాయకచవితి ఉండ్రాళ్ళు చేతికొస్తాయి. 'ఉండ్రాళ్ళ బుర్ర' అంటే ఏ తెలుగు పిల్లయినా నవ్వదూ!

మరి కథానాయికకు ఏం పేరు పెడతారు? నా ఓటు 'శశి'కి. శశం అంటే కుందేలు, శశి అంటే అది ఉన్న చంద్రుడు. రెండూ రెండక్షరాల్లో ఇమిడిపోయాయి. ఇంతకన్నా మంచిది తడితే రాయండి. చిబిఉసాకి ఏం పెడతారో కూడా చెప్పడం మరచిపోకండి. ఫారిన్ కీ సంగతి గుర్తుంది కదా?