బంకర్‌లో రోజు ఎలా గడిచేది? సైనికుల జ్ఞాపకాలను పిల్లలతో కలిసి చదువుదాం



'బంకర్' అనే మాట మీ పిల్లలకు కొత్త కాదు. మొబైల్ గేమ్‌లో అది దాక్కునే చోటు. కాసేపు దాక్కుని, బయటికొచ్చి కాల్చాలి. హిస్టరీ టెక్స్ట్‌బుక్‌లో యుద్ధం అంటే సంవత్సరం, కారణాలు, ఫలితాలు. అలాంటి చోట నెలల తరబడి తిని, పడుకుని, భయపడిన మనిషి మాత్రం ఈ రెండింటిలోనూ కనిపించడు. ఆ మనిషి మాట ఎలా వినాలో పిల్లలకు నేర్పడమే ఈ నెల పాఠం. ఇందుకు వియత్నాం యుద్ధాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

ఖే సాన్‌లో 77 రోజులు

1968 జనవరి 21న లావోస్ సరిహద్దు దగ్గరున్న ఖే సాన్ స్థావరాన్ని ఉత్తర వియత్నాం సైన్యం చుట్టుముట్టింది. లోపల దాదాపు 6,000 మంది అమెరికా మెరైన్లు ఉన్నారు. చుట్టూ అడవి కొండలు, ఉదయాన్నే దట్టమైన పొగమంచు. ఫిబ్రవరి 23న ఒక్క రోజే 1,300కు పైగా గుండ్లు ఆ స్థావరం మీద పడ్డాయి.

టెక్స్ట్‌బుక్ చెప్పేది దాదాపు ఇంతే. అక్కడున్నవాళ్లు గుర్తుచేసుకునేది వేరు. ఎర్రమట్టి తవ్వి, పైన దుంగలు, ఇనుప పలకలు పరిచి, వాటి మీద ఇసుక బస్తాలు పేర్చుకున్న గుంతే వాళ్ల ఇల్లు. ఫిరంగి గుండ్లు వచ్చిన చెక్కపెట్టెల్లో మట్టి నింపితే గోడ, ఖాళీగా బోర్లిస్తే కుర్చీ. రాత్రిళ్లు పడుకున్నవాళ్ల మీదుగా ఎలుకలు పరుగెత్తేవి. నీళ్లు తక్కువ కాబట్టి స్నానం లేదు. తిండి డబ్బాల్లో వచ్చేది. విమానం దిగడం ప్రమాదమైన రోజుల్లో సరుకులు పారాషూట్లతో జారవిడిచేవారు. ఇంటికి రాసే ఉత్తరానికి స్టాంపు అక్కర్లేదు, కవరు మీద 'ఫ్రీ' అని రాస్తే చాలు.

ఈ రెండు పేరాలనూ పిల్లల చేత చదివించి, ఒకే ప్రశ్న అడగండి: "మొదటి పేరాలో లేనిది రెండో పేరాలో ఏముంది?"

అవతలి పక్క కూడా మనుషులే

ఒక వైపు జ్ఞాపకాలే చదివితే పాఠం సగమే అవుతుంది. సైగాన్‌కు దగ్గర్లోని కూ చీలో వియత్నాం గెరిల్లాలు దాదాపు 250 కిలోమీటర్ల సొరంగాలు తవ్వుకుని బతికారు. వంట పొగ కనిపిస్తే పైనుంచి బాంబు పడుతుంది. అందుకే పొగను భూమిలోపలి కాలువల గుండా దూరంగా పంపేవారు. అక్కడ కొద్దికొద్దిగా బయటికొచ్చే పొగ తెల్లవారుజామున మంచులా కనిపించేది. పాములు, మలేరియా, గాలి ఆడని చీకటి వాళ్లకు రోజూ ఉండేవే.

హనోయ్ నుంచి వెళ్లిన డాంగ్ తుయ్ ట్రామ్ అనే డాక్టర్ అడవిలోని ఆసుపత్రిలో పనిచేస్తూ డైరీ రాసుకున్నారు. 1970లో, 27 ఏళ్ల వయసులో ఆమె యుద్ధంలో మరణించారు. ఆ డైరీ ఒక అమెరికా సైనికుడి చేతికి చిక్కింది. ఆయన దాన్ని కాల్చేయకుండా ముప్పై ఏళ్లకు పైగా దాచి, 2005లో ఆమె కుటుంబానికి చేరేలా చూశారు. శత్రువు రాసిన నోటుపుస్తకాన్ని ఆయన ఎందుకు దాచి ఉంటారు? పిల్లల్ని ఆలోచించనివ్వండి. జవాబు మీరు చెప్పకండి.

జ్ఞాపకాన్ని ఎలా చదవాలి?

జ్ఞాపకం అబద్ధం కాదు, అలాగని రికార్డు కూడా కాదు. యాభై ఏళ్ల తర్వాత తేదీలు కలిసిపోవచ్చు, అంకెలు మారిపోవచ్చు. వాసన, తడి, భయం మాత్రం చాలామందికి నిన్నటిలా గుర్తుంటాయి. కాబట్టి "ఎప్పుడు? ఎంతమంది?" అన్నవి పుస్తకంతో సరిచూసుకోవాలి. "ఎలా ఉండేది?" అన్నదానికి ఆ మనిషినే అడగాలి.

ఇంట్లో చేయాల్సిన పని

1968లో ఇరవై ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు ఎనభైకి దగ్గరపడ్డారు. అలాంటి జ్ఞాపకాలు పోకూడదనే అమెరికా కాంగ్రెస్ 2000లో వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్ట్ ప్రారంభించింది.

మన దగ్గరా ఇలాంటివాళ్లు ఉన్నారు. 1987 నుంచి 1990 వరకు శ్రీలంక అడవుల్లో పనిచేసిన మన శాంతి పరిరక్షక దళంలో వెయ్యిమందికి పైగా జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. తిరిగొచ్చినవాళ్లు చాలామంది ఇప్పుడు తాతయ్యలు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి 'మిలిటరీ మాధవరం' అనే పేరే ఉంది. మీ బంధువుల్లోనో, మీ వీధిలోనో ఒక మాజీ సైనికుడు ఉండవచ్చు. ఆయన ఒప్పుకుంటే, మీ అబ్బాయినో అమ్మాయినో ఓ అరగంట ఆయన దగ్గర కూర్చోబెట్టండి.

అడగదగ్గ ప్రశ్నలు:
• తాతయ్యా, అక్కడ ఎక్కడ పడుకునేవారు?
• వాన పడితే ఏం చేసేవారు?
• ఏం తినేవారు? ఇంటి వంటల్లో ఏది గుర్తొచ్చేది?
• ఇంటి నుంచి ఉత్తరం ఎన్నాళ్లకు వచ్చేది?
• మీ పక్కన ఎవరు ఉండేవారు? ఆయనది ఏ ఊరు?

"ఎంతమందిని చంపారు?" అనే ప్రశ్న మాత్రం వద్దు. గేమ్‌లు ఆడే పిల్లలకు ముందుగా తోచేది అదే కాబట్టి, వెళ్లే ముందే చెప్పి పంపండి. ఆయన మధ్యలో మౌనంగా ఉండిపోతే తొందరపెట్టకూడదు. ఇక చాలంటే అక్కడితో ఆపేయాలి. ఫోన్‌లో రికార్డు చేయాలంటే ముందు అనుమతి అడగాలి.

ఇంగ్లిష్ టీచర్‌గా ఇంకో మాట. సంభాషణ తెలుగులోనే జరగనివ్వండి. తాతయ్య అన్న మాటల్ని పిల్లలు ముందు ఆయన యాసలోనే, ఉన్నదున్నట్టు తెలుగులో రాయాలి. ఆ తర్వాతే ఇంగ్లిష్‌లో ఒక పేజీ. ఇంగ్లిష్‌లోకి రాని మాట ఏదైనా ఉంటే దాని కింద గీత గీయమనండి. ఆ మాట గురించి క్లాసులో అందరం మాట్లాడుకుంటాం.

మాజీ సైనికులు ఎవరూ తెలియకపోతే, ఊరు వదిలి దూరాన కష్టపడి పనిచేసిన పెద్దవాళ్లెవరినైనా ఇవే ప్రశ్నలు అడగవచ్చు. రాసిన పేజీని ఈ నెలాఖరులోగా క్లాస్ టీచర్‌కు అందజేయగలరు.