పేరు ఒకటి, చేరే చోటు మరొకటి: ఇంటి ఇంటర్నెట్ దారి తప్పినప్పుడు

హోసూరు, మత్తిగిరి ప్రాంతాల్లో నివసించే తెలుగు కుటుంబాలకు కరెంటు బిల్లు, బ్యాంకు పని, పిల్లల చదువు, సొంత ఊరి భూమి వివరాలు చూపే మీభూమి వంటివన్నీ నేడు ఇంటి ఇంటర్నెట్ మీదే ఆధారపడి ఉన్నాయి. నిన్నటిదాకా తెరుచుకున్న వెబ్‌సైట్ నేడు తెరుచుకోకపోవచ్చు. లేదా ఒక పేరు టైపు చేస్తే సంబంధం లేని మరో పేజీ ప్రత్యక్షం కావచ్చు. మొదటిది అసౌకర్యం మాత్రమే. రెండవది డబ్బు పోవడానికి దారి కాగలదు. ఈ రెండింటి కారణాన్ని గుర్తించే క్రమాన్ని ఈ పాఠం వివరిస్తుంది.

దారి చూపే వ్యవస్థ

ప్రతి వెబ్‌సైట్‌కు మనుషులు గుర్తుంచుకునే పేరుతో పాటు యంత్రాలు గుర్తించే అంకెల చిరునామా ఉంటుంది. పేరు చెబితే అంకెలు చెప్పే వ్యవస్థే డీఎన్‌ఎస్. దీనిని 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించారు. కొత్త ఊరిలో ఇల్లు వెతికేవాడు దారి చెప్పేవారి మాటను నమ్మినట్టే, ఫోనూ కంప్యూటరూ డీఎన్‌ఎస్ మాటను నమ్ముతాయి. దారి చెప్పేవాడు మోసగాడైతే చేరేది వేరొకరి గుమ్మానికే.

ఇది ఊహ కాదు. డీఎన్‌ఎస్ ఛేంజర్ అనే హానికర సాఫ్ట్‌వేర్ 100కు పైగా దేశాల్లో సుమారు 40 లక్షల కంప్యూటర్లను తప్పుదారి పట్టించింది. 2011 నవంబరులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఆ ముఠాను పట్టుకుంది. బాధితుల సౌకర్యం కోసం నడిపిన తాత్కాలిక సర్వర్లను 2012 జులై 9న నిలిపివేశారు. మన దేశంలోనూ 2017 జులైలో బీఎస్‌ఎన్‌ఎల్ వినియోగదారుల మోడెంలపై దాడి జరిగినప్పుడు, మోడెంతో వచ్చిన పాస్‌వర్డ్‌ను వెంటనే మార్చుకోవాలని ఆ సంస్థ సూచించింది.

లోపం ఎక్కడ ఉన్నది?

1. ఇంట్లోని మరో ఫోనులో అదే వెబ్‌సైట్ తెరిచి చూడాలి. అక్కడ తెరుచుకుంటే లోపం మొదటి పరికరంలోనే ఉన్నది. దాని తేదీ, సమయం సరిగా ఉన్నాయా, వీపీఎన్ పనిచేస్తున్నదా, బ్రౌజర్‌లో తెలియని అదనపు సాధనాలు చేరాయా పరిశీలించాలి. ఆండ్రాయిడ్ ఫోనులో ‘ప్రైవేట్ డీఎన్‌ఎస్’ అనే అమరికను ‘ఆటోమేటిక్’లో ఉంచాలి.

2. వైఫై ఆపి, మొబైల్ డేటాతో ప్రయత్నించాలి. అప్పుడు తెరుచుకుంటే లోపం ఇంటి మోడెంలో గాని, ఇంటర్నెట్ సంస్థ లైనులో గాని ఉన్నది. రెండింటిలోనూ తెరుచుకోకపోతే వెబ్‌సైటే ఆగిపోయి ఉండవచ్చు, లేదా దానిపై నిషేధం ఉండవచ్చు.

3. ఏ పేరు టైపు చేసినా ఒకే చెల్లింపు పేజీ వస్తుంటే, ప్లాను గడువు ముగిసిందేమో చూడాలి. అయితే ఆ పేజీలోనే డబ్బు కట్టకుండా, సంస్థ యాప్‌లో గాని, బిల్లుపై ఉన్న నంబరుకు ఫోను చేసి గాని నిర్ధారించుకోవాలి.

4. మోడెం అడుగున అంటించిన చీటీపై ఉన్న చిరునామాతో (చాలావాటికి 192.168.1.1) దాని అమరికలు తెరిచి, డీఎన్‌ఎస్ అనే చోట ఉన్న అంకెలను ఫొటో తీసుకోవాలి. అవి తమవేనా అని ఇంటర్నెట్ సంస్థను అడగాలి. 8.8.8.8 గూగుల్‌దీ, 1.1.1.1 క్లౌడ్‌ఫ్లేర్‌దీ, ఇవి అందరికీ తెలిసినవే. ఎవరివో తేలని అంకెలు ఉంటే వాటిని తొలగించి, మోడెం పాస్‌వర్డ్ మార్చి, దాని సాఫ్ట్‌వేర్‌ను నవీకరించాలి.

అద్దె ఇంట్లో పాత కిరాయిదారు వదిలిన మోడెం ఉంటే ఈ నాలుగవ అంశం మరింత అవసరం. దాని పాస్‌వర్డ్ ఎందరికి తెలుసో చెప్పలేము. అయితే సంస్థను అడగకుండా రీసెట్ బొత్తాం నొక్కరాదు. ఫైబర్ మోడెంలలో లైనుకు అవసరమైన వివరాలు చెరిగిపోయి, ఉన్న ఇంటర్నెట్ కూడా ఆగిపోవచ్చు.

నిషేధం వేరు, మోసం వేరు

2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 69ఏ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం కొన్ని వెబ్‌సైట్లను నిలిపివేయించగలదు. న్యాయస్థానాలు కూడా ఆదేశించగలవు. అటువంటి నిషేధం ఇంటి మోడెంను సరిచేస్తే తొలగేది కాదు.

మోసానికి ముఖ్యమైన ఆనవాలు బ్రౌజర్ చూపే భద్రతా హెచ్చరిక. దారి మళ్లించినవాడు పేజీ రూపాన్ని అనుకరించగలడు గాని, అసలు వెబ్‌సైట్ భద్రతా ధ్రువపత్రాన్ని సులభంగా పొందలేడు. కనుక బ్యాంకు పేజీలో ఆ హెచ్చరిక కనిపిస్తే ‘ముందుకు సాగు’ అనే బొత్తాం నొక్కరాదు; పాస్‌వర్డ్ గాని, ఓటీపీ గాని ఇవ్వరాదు.

ఇప్పటికే ఇచ్చి ఉంటే, మొబైల్ డేటాతో, వీలైతే మరో ఫోను నుండి పాస్‌వర్డ్ మార్చాలి. డబ్బు పోయి ఉంటే వెంటనే బ్యాంకుకూ, 1930 నంబరుకూ తెలియజేయాలి. ఈ నంబరు దేశమంతటికీ ఒక్కటే. బ్యాంకు ఖాతా ఆంధ్రలో ఉన్నా మత్తిగిరి నుండే ఫిర్యాదు చేయవచ్చు. ఎంత త్వరగా తెలియజేస్తే, సొమ్ము చేతులు మారక ముందే దానిని నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.