సరిపోయిన లెక్క, నిజమైన లెక్క

పై తరగతుల విద్యార్థులు లెక్కలో ఇరుప్రక్కల మొత్తములు సమానమైనంతనే కలము క్రింద పెట్టి, “సరిపోయినదండీ” యని లేచుట మేము తఱచుగా చూచుచుందుము. సరిపోవుట మంచిదే. కాని సరిపోయిన లెక్క యెల్లప్పుడును నిజమైన లెక్క యగునా?

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న కాలమున ఒక నెల భోజనశాల లెక్కలు మా వంతునకు వచ్చినవి. అంకణా పైసాతో సహా కుదిరినది. మిక్కిలి సంతోషించితిమి. మఱునాడు కట్టెల వర్తకుడు బాకీ కొఱకు వచ్చి గుమ్మమున నిలిచెను. అతని పద్దును మేము వ్రాయనే లేదు! రెండు ప్రక్కలను విడిచిన పద్దును ఏ అంకణాయు పట్టి చూపజాలదు.

ప్రతి వ్యవహారమును పుచ్చుకొనిన ఖాతాలో ఒకమాఱు, ఇచ్చిన ఖాతాలో ఒకమాఱు వ్రాయు ఈ జంటపద్దు విధానము ఇటలీ వర్తకుల నడుమ పెరిగినది. జెనోవా నగరపు 1340వ సంవత్సరపు లెక్కలు ఇట్లు వ్రాయబడినవే. రగూజా వాసి యగు బెనెడెట్టో కొట్రుల్యి 1458లో దీనిని గూర్చి వ్రాసెను గాని, ఆ గ్రంథము 1573 వఱకు అచ్చుపడలేదు. ఈలోగా ఫ్రాన్సిస్కను సన్యాసియు గణితోపాధ్యాయుడును అగు లూకా పచోలి 1494లో వెనిస్ నగరమున తన గణిత గ్రంథమును అచ్చొత్తించి, అందొక భాగమును లెక్కలకు కేటాయించెను. కీర్తి యాయనకు దక్కినది. ఆయన దీనిని కనిపెట్టలేదు. వెనిస్ వారి వాడుకనే అనుసరించితినని తానే చెప్పెను. ముందుగా ఆస్తి యంతటికిని పట్టీ వ్రాసికొని, పిదప చిత్తు పుస్తకము, చిట్టా, ఆవర్జా యను మూడింటిని ఉంచవలెనని బోధించెను. అమ్మువారికొకటి, కొనువారికొకటి చూపుటకు రెండు విధముల పుస్తకములుంచు వర్తకులను గూర్చియు హెచ్చరించెను. మొత్తములు కుదిరినంత మాత్రమున నమ్మరాదని ఆ సన్యాసికి బాగుగా తెలిసియుండెను.

తరువాతి కాలమున కంపెనీలు, రైలుమార్గములు వచ్చినవి. వాటాదారులు అంగడిలో కూర్చుండరు; లాభములో భాగము కోరుదురు. లాభము కాని దానిని లాభమని పంచినచో మూలధనమే కరగిపోవును. కావున “ఎట్లు వ్రాయవలెను?” అను ప్రశ్న వెనుక “లాభమనగా నేమి?” అను ప్రశ్న నిలిచినది.

ఒక వర్తకుడు 100 బస్తాల ధాన్యమును బస్తా 10 రూపాయల చొప్పున కొనెను. 80 బస్తాలను 13 రూపాయల చొప్పున అమ్మి 1,040 రూపాయలు పుచ్చుకొనెను. ఆనాడే మండీలో ధర 14కు పెరిగినదని అతడెఱుగడు. లాభము 240 రూపాయలా? అమ్మిన 80 బస్తాలను మరల కొనుటకు 1,120 కావలెను గదా! చేతిలో 80 రూపాయలు తక్కువ.

ఇది నష్టమేయని ఫ్రాంకుఫర్టు ఆచార్యుడు ఫ్రిట్జ్ ష్మిట్టు 1921లో వెలువరించిన గ్రంథమును బట్టి చెప్పవలెను. జర్మనీలో ద్రవ్యపు విలువ పడిపోవుచున్న దినములవి. కాగితముపై లాభమును చూచి సంతోషించినవారు కొట్టు ఖాళీ చేసికొనుచుండిరి. అమెరికాలో పేటను, లిటిల్టను అను ఆచార్యులు 1940లో కలిసి వ్రాసిన గ్రంథము మఱియొక దారి పట్టినది: కొన్న ధరకు రసీదు సాక్ష్యము కలదు, ఊహాధరకు లేదు, కావున రాబడికి ఎదురుగా వాస్తవముగా పెట్టిన ఖర్చునే చూపవలెను. దాని ప్రకారము లాభము 240 రూపాయలే. (పేటను తన తొలి రచనలలో నేటి ధరల పక్షమునకు మొగ్గినవాడే!) మిగిలిన 20 బస్తాల మాటయేమి? కొన్న ధరకు 200 రూపాయలు. సిడ్నీ ఆచార్యుడు రేమండు చేంబర్సు 1966 నాటి గ్రంథమున, నేడమ్మిన వచ్చు రొక్కమునే చూపుమనును, అప్పుడవి 280.

మాకు ష్మిట్టు వాదముపైననే మనసు. అయినను పరీక్షకుడు సాక్ష్యమడిగినప్పుడు లిటిల్టను ప్రక్కకు వెళ్లక తప్పదు. నేటి కంపెనీల తీరు చూడుడు: సరకును కొన్న ధర, అమ్మిన రాగల ధర యను రెంటిలో తక్కువదానికి కట్టుదురు; స్టాకు మార్కెట్టులో కొనిన వాటాలను చాలవఱకు నేటి ధరకు కట్టుదురు. ఒకే పట్టీలో రెండు కొలమానములు!

వేసవి సెలవులలో మా విద్యార్థులు ఈ ధాన్యపు లెక్కను పై విధములన్నిటను వేసి, ఏ యేటి చివర ఆ వర్తకుడు ఇంటిఖర్చునకు ఎంత తీసికొనవచ్చునో వ్రాసి తెత్తురు గాక. అందఱి జవాబులు ఒకటి కాకున్నను మేము మార్కులు తగ్గింపము.