పొయ్యి వెలిగించే ముందు

"పుట్టినరోజు కేకా? మా ఇంట్లో ఓవెన్ లేదండీ" అనేవాళ్లకు ముందుగా ఒక మాట. అడుగు మందంగా ఉన్న ప్రెషర్ కుక్కరుందిగా! రబ్బరు, వెయిట్ తీసేసి, అడుగున గ్లాసున్నర ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతేసి పది నిమిషాలు వేడిచేస్తే అదే ఓవెన్. కాబట్టి ఆ వంక చెల్లదు, ఇంకోటి వెతుక్కోండి.

అసలు చిక్కంతా మన అందాజు వంటతోనే. పప్పులో ఉప్పు తగ్గిందా, వేస్తాం. పులుసు పలచబడిందా, కాస్త బియ్యప్పిండి కలిపి దించుతాం. మధ్యలో పక్కింటికెళ్లి కరివేపాకు తెచ్చుకున్నా కొంప మునగదు. ఇదే ధీమా ఉద్యోగంలోకీ, డబ్బు వ్యవహారాల్లోకీ మోసుకెళ్తాం. మొదలెట్టేద్దాం, తరవాత చూసుకుందాం! కేకు దగ్గర ఈ పప్పులుడకవు. లోపలికి వెళ్లాక దాన్ని దిద్దే దారి లేదు.

నాదీ ఆ జాతే. ఆటో వాకిట్లోకి వచ్చాక బట్టలు సర్దుకునే మనిషిని. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు ఎన్ని తిరగేసినా ఈ తొందర వదల్లేదు. కాస్తయినా దారికి తెచ్చింది ఒకే ఒక్క అలవాటు: పొయ్యి వెలిగించే ముందే అన్నీ కొలిచి, వాడే వరుసలో గట్టు మీద పేర్చుకోవడం. ఇంతేనా అని పెదవి విరవకండి. పెళ్లి వంట మేస్త్రీలను చూడండి. పొయ్యి రాజేసే వేళకు కూరలు తరిగి ఉంటాయి, పోపు సామాను పళ్లెంలో ఉంటుంది. మనకేమో నూనె కాగాక ఆవాల డబ్బా గుర్తొస్తుంది.

ఒక గిన్నెలో పొడివి: మైదా ఒకటిన్నర కప్పు, అంటే ఇంచుమించు 190 గ్రాములు. పంచదార 200 గ్రాములు. తీపి లేని కోకో పొడి 3 పెద్ద చెంచాలు. వంటసోడా 1 చిన్న చెంచా, చాకుతో పైన సమం చేసి. ఉప్పు అర చిన్న చెంచా. పక్కన మరో గిన్నెలో తడివి: నీళ్లు 1 కప్పు, నూనె కప్పులో మూడో వంతు, వెనిగర్ 1 పెద్ద చెంచా, వెనిలా ఎసెన్స్ 1 చిన్న చెంచా. గుడ్డు లేదు, వెన్న లేదు. అవి కరవైన ఆర్థిక మాంద్యం రోజుల్లో అమెరికా ఇళ్లలో పేరుపడ్డ పద్ధతి అంటారు. మూడోది కేకు గిన్నె: నూనె రాసి, అడుగున బటర్ పేపర్ వేసి. కుక్కరులో చుట్టూ కాస్త సందు మిగిలేలా పట్టాలి. ఇవన్నీ కళ్లెదుట ఉన్నాకే స్టవ్ వెలగాలి.

ఎందుకింత చాదస్తం? తడివి పొడివాటిలో పోయగానే వెనిగర్ సోడాకు తగిలి బుసబుసా నురగ లేస్తుంది. పిండిని పైకి లేపేది ఆ బుడగలే. అప్పుడు గిన్నె కోసం అటక ఎక్కారనుకోండి, మీరు దిగేలోపు సగం గాలి పోతుంది. పొడి పిండి కనపడకుండా పోయేదాకా కలిపి ఆపేయాలి. ఇంకా కలిపితే మైదాలోని గ్లూటెన్ అనే జిగురు సాగి కేకు గట్టిపడుతుంది. కలిపిన మరుక్షణం గిన్నెలోకి, గిన్నె కుక్కరులోకి.

ఇలా పేర్చుకుంటే పని సగంలో ఆగదు, అదీ ముఖ్యమే. ఇంట్లో బిగించుకునే సామాను అమ్మే ఐకియా కంపెనీ పేరు మీదుగా 2012లో మైకేల్ నార్టన్ అనే పరిశోధకుడి బృందం 'ఐకియా ప్రభావం' అని ఒక పరిశోధన ప్రచురించింది. తమ చేత్తో బిగించుకున్న పెట్టెలకు జనం ఎక్కువ వెల కట్టారట. పని సగంలో ఆగిపోతే మాత్రం ఆ మమకారం పుట్టలేదట. సగంలో వదిలేసిన పనుల జాబితా నాకూ ఉంది, మీకూ ఉండే ఉంటుంది. అందుకే ఇప్పుడు బ్యాంకు ఫారం నింపాలన్నా పాన్, ఆధార్, పాస్‌బుక్, పెన్ను ముందు బల్ల మీదికి వస్తాయి. కష్టమైన ఫోన్ చెయ్యాలంటే చెప్పాల్సిన మూడు ముక్కలు చీటీ మీద రాసుకుంటాను. అయినా చెయ్యి ముందే పొయ్యి మీదికి పోతుంది. అందుకే గిన్నెలన్నీ పేర్చేదాకా గ్యాస్ లైటర్ పై అరలో ఉంటుంది, స్టూలు వేసుకుంటే గానీ అందదు. మీ లైటర్ ఎక్కడ దాచాలో మీకే తెలుసు, దాచండి. మొదట విసుగొస్తుంది. రానివ్వండి, అలవాటవుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తా. ఓవెన్ అయితే ముందే వేడెక్కాలి, 180 డిగ్రీల్లో 30 నుంచి 35 నిమిషాలు. కుక్కరైతే సన్నమంట మీద ముప్పావు గంట దాకా. మొదటి 25 నిమిషాలు మూత తీయొద్దు, ఫోన్ చూసుకోండి, ఏదైనా చేసుకోండి. పుల్ల గుచ్చితే తడి పిండి అంటకూడదు. పది నిమిషాలాగి బోర్లించండి. పూర్తిగా చల్లారకుండా చాక్లెట్ పోస్తే జారిపోతుంది. 100 గ్రాముల డార్క్ చాక్లెట్‌కు అంతే క్రీము, క్రీము వేడిచేసి చాక్లెట్ ముక్కల మీద పోసి కలపడమే. నూనె కేకు మర్నాటికీ మెత్తగానే ఉంటుంది కాబట్టి ముందురోజు రాత్రే చేసి పెట్టుకోండి. పైన పగిలిందా? నాదెప్పుడూ పగులుతుంది. పొంగిన చోట చాకుతో కోసి తిరగేయండి, అడుగు చదునుగా ఉంటుంది. చాక్లెట్ దాని మీద పోయండి, ఎవరూ అడగరు. కోసిన ముక్క వంట చేసినవాళ్లది.