బాలబాలికల చేతిపనిగా సబ్బు తయారీ

హైదరాబాదులో 1897లో జన్మించి, పిమ్మట భారత రాష్ట్రపతి పదవిని అలంకరించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన 1937లో వార్ధా విద్యాప్రణాళికను రూపొందించిన సంఘము, ఉత్పాదకమైన ఒక చేతిపనిని కేంద్రముగా గైకొని పాఠములు సాగవలెనని సూచించినది. నూలు వడుకుట, వడ్రంగము, వ్యవసాయము అట్టివి. వాని సరసన సబ్బు తయారీకి చోటీయదగునా యను విషయమును, మన అనంతపురపు మెట్టసీమ పరిస్థితులను బట్టి ఇచట పరిశీలింతుము.

ఉర్దూలో సాబున్, అరబ్బీలో సాబూన్, తెలుగులో సబ్బు. మాట ఉభయులకును చుట్టమే. సబ్బు బిళ్ల రాకమునుపు మన పల్లెలలో బట్టలకు చౌడు మన్ను, తలకు కుంకుడుకాయ ఉండెడివి. చౌడు నేలపై పేరుకొను తెల్లని పొరలో సోడియం కార్బొనేటు వంటి క్షారము లుండుటయే ఆ మన్ను మురికిని వదలించుటకు కారణము. ధర్మవరము పట్టు వంటి నేతలకు కావలసిన ముడిపట్టును గూడ సబ్బు, సోడా కలిపిన వేడినీటిలో ఉడికించి, దానియందలి సెరిసిన్ అను జిగురును తొలగించుట వాడుక.

నూనె క్షారముతో కలిసినప్పుడు సబ్బు, గ్లిజరిన్ ఏర్పడును. ఈ చర్యకు సపోనిఫికేషన్ అని పేరు. క్రొవ్వుల నిర్మాణమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షెవ్రల్ 1823లో ప్రకటించిన గ్రంథములో వివరించెను. సబ్బు అణువున కొక కొన నీటిని, మరియొక కొన జిడ్డును పట్టుకొనును. మురికి వదలుటలోని కిటుకంతయు ఇంతే.

వేరుశనగ మన జిల్లా పంట. అయినను దాని నూనె వంటింటి సొత్తు. సగటున సాలుకు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు సీమలో దానిని సబ్బునకు వెచ్చించుట మాకు సమ్మతము కాదు. కానుగ నూనె తినదగినది కాదు గనుక అదియే మేలు. కానుగ నూనె 350 గ్రాములు, కొబ్బరి నూనె 150 గ్రాములు, కాస్టిక్ సోడా 66 గ్రాములు, నీరు 170 గ్రాములు తూచి తీసికొనవలెను. సోడా కొలత నూనెను బట్టి మారును. చేతి అంచనా పనికిరాదు. సోడాను నీటిలో మెల్లగా వేయవలెనే గాని, సోడాపై నీరు పోయరాదు. అది ఒక్కసారిగా మరిగి చిమ్మును. అల్యూమినియం పాత్ర అసలే కూడదు. క్షారము దానిని తినివేసి, మండు స్వభావము గల హైడ్రోజన్ వాయువును వెలువరించును. ద్రావణము చల్లారిన పిదప నూనెలో పోసి, గరిటె గీసిన గీత పైన నిలుచునంత వరకు కలిపి, కాగితము పరచిన చెక్క అచ్చులో పోయవలెను. ఒకటి రెండు దినములకు ముక్కలు కోసి, నాలుగు నుండి ఆరు వారములు గాలి తగులునట్లు ఆరబెట్టవలెను.

ఇందు పిల్లల పాలెంత? సోడాను ముట్టు పని యావత్తు, కంటి అద్దములు, రబ్బరు చేతితొడుగులు ధరించిన ఉపాధ్యాయునిదే. సోడా కంటబడిన చూపే పోవచ్చును. తుంపర పడినచో పదిహేను నిమిషములకు తక్కువ గాకుండ నీటితో కడిగి, వెంటనే వైద్యుని కడకు తీసికొనిపోవలెను. తరగతి గదిలో బిందెడు నీరు సిద్ధముగా లేనినాడు ఆ పని మొదలిడరాదని కళాశాల సంఘమువారు నియమము చేయవలెనని మా కోరిక. చిన్నతరగతుల వారికి వేరొక మార్గము కలదు. తయారైన సాదా సబ్బును తురిమి, కొద్ది నీరు చేర్చి, వేడినీటి గిన్నెపై ఉపాధ్యాయుడు కరగించి యిచ్చిన ముద్దను పిల్లలు అచ్చులలో అదుముకొందురు. తూచుట, లెక్కించుట, పేరు చెక్కుట, అన్నియు అందులోనే యున్నవి. అపాయము మాత్రము లేదు.

ఇక నీటి మాట. మన బోరుబావుల నీరు పలుచోట్ల కఠిన జలము. అందలి కాల్షియం, మెగ్నీషియం లవణములు సబ్బుతో కలిసి తెట్టె కట్టుటచే నురుగు రాదు, సబ్బు వృథా యగును. కుంకుడుకాయలోని సాపోనిన్లకు ఈ చిక్కు అంతగా లేదు. మన పెద్దలు దానిని విడువకుండుట ఊరక కాదు. రెండు సీసాలలో సమానముగా వాననీరు, బోరునీరు పోసి, సబ్బునీటిని చుక్క చుక్కగా చేర్చుచు, ఎన్ని చుక్కలకు నురుగు నిలుచునో పిల్లలచేత లెక్కపెట్టింపవలెను. పిదప అదే పరీక్షను కుంకుడు రసముతో చేయింపవలెను. ఏ ఇంట ఏ నీటికి ఏది వాడదగునో ఆ లెక్కను వారే తమ తల్లులకు చెప్పగలరు.