కేసి పేరు, గుర్రం ప్రాణం



ఆదివారం విహారంలో మనమంతా బుద్ధ వందన చదువుతాం. బుద్ధుని గుణాలు చెప్పేచోట ‘పురిసదమ్మసారథి’ అనే మాట వస్తుంది. నోటికి వచ్చు కాబట్టి చదువుకుంటూ పోతాం. దీని అర్థమేంది అని మన పిల్లలే అడిగితే చాలామందిమి ఆగిపోతాం.

పురిస అంటే మనిషి. దమ్మ అంటే నేర్పి దారికి తేవలసినవాడు. ఇది మనం శరణు వెళ్ళే ‘ధమ్మ’ కాదు, వేరే మాట. సారథి అంటే నడిపేవాడు. ఈ మాట గుర్రాల కొట్టం నుండి వచ్చింది. ఆ కాలంలో గుర్రాలకు నడక నేర్పేవాణ్ణి ‘అస్సదమ్మసారథి’ అనేవారు. అస్స అంటే గుర్రం. మరి లోకానికి దారి చూపిన బుద్ధునికి గుర్రాలు నేర్పేవాని పేరు ఎందుకు పెట్టారు? దీనికి జవాబు అంగుత్తర నికాయంలోని కేసి సుత్తంలో ఉంది. చిన్న సుత్తం, కానీ మన ఇంటి దాకా, మన పిల్లల దాకా వచ్చే సుత్తం.

కేసి పద్ధతి

కేసి గుర్రాలకు నేర్పే వృత్తిలో పేరుమోసినవాడు. ఒకరోజు బుద్ధుని దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. నీకు మంచి పేరుందని బుద్ధుడు ఒప్పుకున్నాడు. కానీ ఆ పేరు దగ్గర ఆగలేదు. గుర్రానికి ఎట్లా నేర్పుతావని అడిగాడు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఎవరికైనా గొప్ప పేరుందంటే మనం దండం పెడతాం, లేదంటే అసూయపడతాం. బుద్ధుడు ఆ రెండూ చేయకుండా పద్ధతి అడిగాడు.

కేసి దాపరికం లేకుండా చెప్పాడు. కొన్ని గుర్రాలకు మెత్తగా నేర్పుతాను. కొన్నిటికి కఠినంగా నేర్పుతాను. కొన్నిటికి రెండూ కలిపి నేర్పుతాను. మూడింటికీ లొంగకపోతే ఏం చేస్తావని బుద్ధుడు అడిగాడు. చంపేస్తానన్నాడు కేసి. ఎందుకో కూడా చెప్పాడు. తనకు విద్య నేర్పిన ఆచార్యుని కులానికి, అంటే ఆ గురువు ఇంటికి, చెడ్డపేరు రాకూడదట.

కేసి గురించి రెండు రకాలుగా అనుకోవచ్చు. పనిమంతుడు, ముందు మెత్తదనంతోనే మొదలుపెట్టాడు, ఒక్కో గుర్రం తీరు చూసి నేర్పాడు అని ఒకరు అంటారు. ప్రాణం తీసేవాడు ఏం గురువు అని ఇంకొకరు అంటారు. రెండు మాటల్లోనూ నిజముంది. కానీ అసలు ప్రశ్న వేరే ఉంది. గుర్రం చచ్చిపోయింది దేనికోసం? నేర్చుకోలేదు కాబట్టి కాదు. నేర్పేవాని పేరు చెడకుండా ఉండటం కోసం. నేర్వని గుర్రం బతికి ఉంటే కేసి చేతగానితనానికి నాలుగు కాళ్ళ సాక్ష్యం అవుతుంది. ఆ సాక్ష్యం కనబడకుండా చేశాడు.

పేరు ఎవరి వైపు నుండి పుడుతుంది

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో వెట్టి నడిచిన రోజులు మన పెద్దలు చెప్పగా విన్నాం. దొర బండి కదిలితే ముందు, వెనక ఉరకాల్సింది మనవాళ్ళే. చెప్పులు, కాడికి కట్టే తోలు వార్లు, చర్నాకోల పైసా తీసుకోకుండా చేసిచ్చింది మన తాతలే. తాతలు పేనిన చర్నాకోలే తాతల వీపు మీద పడ్డది. అప్పుడు కూడా ‘దొర గట్టోడు, ఊరును అదుపుల పెట్టిండు’ అని పొగిడినోళ్ళు ఉన్నారు. పేరు ఎప్పుడూ కర్ర పట్టినోని వైపు నుండే పుడుతుంది. దెబ్బ తిన్నోని వైపు నిలబడి ఎవ్వరూ అడగరు. బుద్ధుడు అడిగిన ప్రశ్న మాత్రం గుర్రం వైపు నుండి అడిగిన ప్రశ్న.

పేరు కోసం ప్రాణం తీయడం పాతకాలపు కథ కాదు. 2018 సెప్టెంబరు 14న మన మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ణి ఆసుపత్రి బయట, గర్భవతి అయిన భార్య కళ్ళ ముందే నరికి చంపారు. కులం దాటి పెళ్ళి చేసుకోవడమే ఆయన చేసిన ‘తప్పు’. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. ఆ చావుకు లోకం పెట్టిన పేరు చూడండి: ‘పరువు హత్య’. బిడ్డ మాట వినలేదు, ఇంటి పేరు పోయింది, కాబట్టి ప్రాణం తీయాలి. కేసి మాట, ఈ మాట ఒక్కటే. ఒకటి గుర్రం మీద, ఇంకొకటి మనిషి మీద.

బుద్ధుని జవాబు

తన వంతు వచ్చినప్పుడు కేసి ఎదురు ప్రశ్న వేశాడు. మీరు మనుషులకు నేర్పడంలో అందరికన్నా గొప్పవారంటారు కదా, మీరెట్లా నేర్పుతారు? నేనూ మెత్తగా, కఠినంగా, రెండూ కలిపి నేర్పుతానన్నాడు బుద్ధుడు. మాటలు కేసివే, అర్థం మాత్రం మారిపోయింది. మంచి నడవడిక ఇది, దాని ఫలం ఇది అని చూపడం మెత్తదనం. చెడ్డ నడవడిక ఇది, దాని ఫలం ఇది అని దాచకుండా చూపడం కఠినత్వం. ఇందులో కర్ర లేదు, తిట్టు లేదు. ఉన్నది నిజం ఒక్కటే. తాగుడు ఇల్లు కూలుస్తదని మొహం మీద చెప్పడం కఠినమే, కానీ అది దెబ్బ కాదు.

మూడింటికీ లొంగనివాణ్ణి? చంపుతానన్నాడు బుద్ధుడు. కేసి ఉలిక్కిపడ్డాడు. ప్రాణం తీయడం మీకు తగదు కదా అన్నాడు. చూడండి, రోజూ గుర్రాల మీద చేసే పని తప్పని కేసి నోటితోనే వచ్చింది. బుద్ధుడు తిట్టలేదు, శాపం పెట్టలేదు. కేసి మాటనే కేసి ముందు పెట్టాడు.

అప్పుడు తన మాటకు అర్థం చెప్పాడు. ఎంత చెప్పినా మారనివాణ్ణి ఇక చెప్పదగినవాడు కాదని వదిలేస్తాను, తెలివిగల తోటి సాధకులూ వదిలేస్తారు, ఈ ధమ్మంలో చావు అంటే అదే అన్నాడు. సుత్తం చివర కేసి బుద్ధుని శరణు వేడి ఉపాసకుడయ్యాడు. గుర్రాలకు నేర్పే పెద్దమనిషి, కర్ర లేకుండా నేర్పించుకున్నాడు.

మాట మానడం వేరు, వెలి వేరు

ఇక్కడ మనకో అనుమానం రావాలి. మాట మానడమంటే వెలివేయడమేనా? ఊరి వెలి అంటే ఏందో మనకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? నీళ్ళు బంద్, దుకాణం బంద్, కూలి బంద్. బుద్ధుడు చెప్పింది అది కాదు. చెప్పడం ఒక్కటే ఆపాడు. తిండి, నీళ్ళు, దారి, బతుకు ఏదీ ఆపలేదు.

ఛన్నుని సంగతి చూస్తే ఇది తెలుస్తుంది. సిద్ధార్థుడు ఇల్లు విడిచిన రాత్రి కంథక గుర్రంతో కూడా వెళ్ళినవాడు ఛన్నుడు. ఆయనే తర్వాత భిక్షువయ్యాడని సంప్రదాయం చెబుతుంది. నేను బుద్ధుని మనిషిని అనే గర్వంతో ఎవరి మాటా వినేవాడు కాదు. అతనికి బ్రహ్మదండం వేయమని బుద్ధుడు తన చివరి రోజుల్లో ఆనందునికి చెప్పాడు. అంటే అతను ఏమైనా మాట్లాడుకోవచ్చు, భిక్షువులు మాత్రం అతనితో మాట్లాడరు, బుద్ధి చెప్పరు. ఈ కబురు వినగానే, ఇంతటితో నేను చచ్చినట్టే కదా అని ఛన్నుడు కుప్పకూలాడు. తర్వాత ఒంటరిగా, పట్టుదలతో సాధన చేసి అర్హంతుడయ్యాడు. అర్హంతుడైన క్షణమే ఆ దండం తీరిపోయింది. కేసి చంపిన గుర్రానికి రెండో అవకాశం లేదు. ఛన్నునికి ఉంది. తేడా అంతా ఇక్కడే ఉంది.

ములుగర్ర నీడ

అదే నికాయంలో నాలుగు రకాల గుర్రాల గురించి ఇంకో సుత్తం ఉంది. ఒకటి ములుగర్ర నీడ చూసే కదులుతుంది. రెండోది కర్ర వెంట్రుకలకు తగిలితే కదులుతుంది. మూడోది చర్మానికి తగిలితే, నాలుగోది ఎముకకు తగిలితే కదులుతుంది. మనుషులూ అంతే. పక్క ఊర్లో ఎవరో చనిపోయారని విని ఒకరు మేల్కొంటారు. కళ్ళారా చూసి ఇంకొకరు, సొంతవాళ్ళు పోతే మరొకరు, తన ఒంటికే నొప్పి వస్తే ఆఖరివారు మేల్కొంటారు. ఇక్కడ ములుగర్ర అంటే దుఃఖం. అది ఎవరి చేతిలోనూ లేదు. బుద్ధుడు దాన్ని చూపాడే కానీ పొడవలేదు. నాలుగో రకాన్ని కూడా ఆయన మంచి గుర్రాల లెక్కలోనే పెట్టాడు. ఆలస్యంగా నేర్చేవాణ్ణి ‘మొద్దు’ అని పక్కన పెట్టలేదు.

మన ఇల్లు, మన బడి

‘దెబ్బకు దెయ్యం వదులుతది’ అనుకుంటూ పిల్లలను కొట్టే ఇళ్ళు మనలోనూ ఉన్నాయి. ‘ఆ సారు బాగా కొడతడు, అందుకే ర్యాంకులు వస్తున్నయి’ అని మెచ్చుకునే తల్లిదండ్రులం మనమే. బండి లాగే పశువును మొన ఉన్న కర్రతో తోలవద్దని 1965 నాటి కేంద్ర నిబంధనలు చెప్పాయి. బడిలో పిల్లలను కొట్టవద్దు, మనసు నొప్పించవద్దు అని 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ చెప్పింది. చట్టం చెప్పకముందే, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞలలో ప్రాణులన్నిటి మీద దయ ఉంది. మన కొడుకు, మన బిడ్డ ఆ ప్రాణుల్లో లేరా?

బిడ్డ తప్పినప్పుడు, మార్కులు తగ్గినప్పుడు చెయ్యి లేస్తుంది. అప్పుడు ఒక్క క్షణం ఆగి మనల్ని మనమే అడగాలి: ఈ దెబ్బ బిడ్డ బాగు కోసమా, నలుగురిలో నా పేరు కోసమా? చాలాసార్లు జవాబు మనకు తెలుసు.

సంఘానికి కూడా ఇదే కొలత. ఒక ఉపాసకుడు, ఒక నాయకుడు, ఒక గురువు గొప్పవారని పేరు వింటే సంతోషమే. కానీ వారి దగ్గర నేర్చుకునేవాళ్ళు భయంతో ఉన్నారా, ధైర్యంగా ప్రశ్న అడుగుతున్నారా చూడండి. సంఘం పేరు పోతుందని తప్పును కప్పిపెడితే మనం కేసి దారిలో పడ్డట్టే. బుద్ధుడు మార్గదాతే కానీ మోక్షదాత కాదని బాబాసాహెబ్ ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ గ్రంథంలో వివరించారు. దారి చూపేవానికి కొరడా అవసరం లేదు. నడిచేవాని మీద నమ్మకం కావాలి.

కలిసి కూర్చున్నప్పుడు మాట్లాడుకోవడానికి

1. కేసి పద్ధతిలో మనం తీసుకోవలసింది ఏది, వదలవలసింది ఏది?
2. కఠినంగా చెప్పడానికి, కొట్టడానికి తేడా మీ ఇంటి నుండే ఒక ఉదాహరణతో చెప్పండి.
3. ‘పరువు’ అనే మాట మన ఇళ్ళలో ఎప్పుడెప్పుడు వస్తుంది? ఆ మాట వల్ల ఎవరు నష్టపోతారు?
4. ఛన్నునికి వేసిన దండానికి, ఊరి వెలికి తేడా పిల్లలకు అర్థమయ్యేలా ఎట్లా చెబుతారు?

ఈ వారం ఒక పని చేయండి. ఇంట్లో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, నేను నేర్పే తీరు నీకెట్లా అనిపిస్తుందని అడగండి. వాళ్ళు చెప్పేటప్పుడు మధ్యలో అడ్డుపడకుండా చివరిదాకా వినండి.

నమో బుద్ధాయ. జై భీమ్.